ఫంగస్ గోడ కట్టే ఎంజైములు: ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

ఇక్కడ ఫార్మసీ పిల్లలున్నారు, నర్సింగ్ చదివేవాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లున్నారు, వ్యవసాయం చేసేవాళ్లు కూడా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. అందుకని బోర్డు మీద సమీకరణాలు రాయను. ఒక్క ప్రశ్న పట్టుకుని నడుద్దాం. మన ఒంట్లో లేని, ఫంగస్‌లో మాత్రమే ఉన్న ఎంజైమ్ ఒకటి దొరికిందనుకోండి. దాన్ని ఆపే మందు చేస్తే జబ్బు తగ్గిపోవాలి కదా? అలాంటి ఎంజైములు చాలానే తెలుసు. అయినా ఒంట్లోకి దిగిన ఫంగస్‌కి ఇచ్చే మందులు ఎన్ని రకాలని అడిగితే ఏ డాక్టరైనా వేళ్ల మీద లెక్కపెట్టేస్తారు. ఎక్కడ అడ్డం పడుతోంది?

బ్యాక్టీరియా మనకు చాలా దూరపు జీవి. దాని రైబోజోమ్ వేరు, దాని గోడ వేరు. అందుకే పెన్సిలిన్ దాన్ని చంపుతుంది, మన జోలికి రాదు. ఫంగస్ అలా కాదు. చూడటానికి మొక్కలాగా అనిపిస్తుంది గానీ, వంశవృక్షం గీస్తే మొక్కల కంటే జంతువులకే దగ్గర. కేంద్రకం, మైటోకాండ్రియా, ప్రొటీన్ తయారు చేసే పద్ధతి అన్నీ మనవాటి లాగానే ఉంటాయి. దాన్ని కొట్టబోతే దెబ్బ మనకూ తగులుతుంది. ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు తీసుకున్నవాళ్ల కిడ్నీలను డాక్టర్లు ఎందుకంత జాగ్రత్తగా కనిపెట్టి ఉంటారో నర్సింగ్ పిల్లలకు తెలుసు. ఆ మందు ఫంగస్ పొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుంటుంది, మన పొరలో ఉండే కొలెస్టెరాల్ దానికి దగ్గరి చుట్టం.

మనకూ దానికీ పోలికే లేని చోటు ఒకటుంది. అది కణకుడ్యం, అంటే కణం చుట్టూ ఉండే గోడ. మన కణాలకు గోడ లేదు.

2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారి ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా వేసింది. మొత్తం 19 పేర్లు. అన్నిటికంటే పై వరసలో నాలుగు: క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్, కాండిడా ఆరిస్, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్, కాండిడా ఆల్బికాన్స్. ఈ నాలుగిటి గోడలూ నాలుగు రకాలు. అయినా వాటిలో ఎక్కువ భాగం చక్కెరే. తియ్యటి చక్కెర కాదు, గ్లూకోజ్ లాంటి చిన్న అణువులు వందలు, వేలు ఒకదానికొకటి పెనవేసుకున్న పొడుగాటి గొలుసులు. లోపలివైపు కైటిన్ ఉంటుంది. మన కోస్తాలో ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర గుట్టలుగా పోసే రొయ్య పెంకులో ఉన్నదీ ఆ కైటినే. దాని మీద గ్లూకోజ్‌తో చేసిన బీటా గ్లూకాన్. ఆ పైన మానోజ్ అనే చక్కెరతో చేసిన మానాన్లు, వాటిని మోసే ప్రొటీన్లు. ఆస్పర్‌జిల్లస్‌లో అయితే ఇంకో విచిత్రమైన చక్కెర కూడా ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం.

ఇప్పుడు కట్టడం సంగతి. కణం వట్టి గ్లూకోజ్‌ని తీసుకెళ్లి గొలుసుకు తగిలించలేదు. ఆ పనికి శక్తి కావాలి. ముందు గ్లూకోజ్‌కి యూడీపీ అనే పిడి తగిలిస్తుంది. యూడీపీ విడిపోయేటప్పుడు వచ్చే శక్తితోనే చక్కెర వెళ్లి గొలుసుకు అతుక్కుంటుంది. ఈ యూడీపీ చక్కెరల సంగతి బయటపెట్టినవాడు అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్. దానికే ఆయనకు 1970లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కైటిన్‌కి కావలసిన ముడిసరుకు యూడీపీ ఎసిటైల్ గ్లూకోసమైన్, గ్లూకాన్‌కి యూడీపీ గ్లూకోజ్. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ రెండు ముడిసరుకులూ మన కణాల్లో కూడా తయారవుతాయి. మన లివర్ గ్లైకోజెన్ దాచుకునేది యూడీపీ గ్లూకోజ్‌తోనే. కాబట్టి ముడిసరుకు దగ్గర కొడితే మనకీ ముప్పే. ఫంగస్‌కి మాత్రమే సొంతమైనది చివరి మెట్టు, అంటే ముడిసరుకును గొలుసుగా మార్చే ఎంజైమ్.

ఆ ఎంజైములు ఉండేది కణం పొరలో. కైటిన్ సింథేజ్ గానీ గ్లూకాన్ సింథేజ్ గానీ పొరకు అడ్డంగా దిగబడి ఉంటుంది. లోపలివైపు నుంచి యూడీపీ చక్కెర వస్తుంది, ఒక్కొక్కటే గొలుసు చివర చేరుతుంది, గొలుసు పొరలోని సన్నటి దారిగుండా బయటికి జారుతుంది. జంతికల గొట్టం గుర్తు తెచ్చుకోండి. తేడా ఏమిటంటే అక్కడ పిండి ముందే కలిపి ఉంటుంది, ఇక్కడ గొట్టంలోనే తయారవుతూ బయటికి వస్తుంది. 2022లో కైటిన్ సింథేజ్‌కి, 2023లో ఈస్ట్ గ్లూకాన్ సింథేజ్‌కి క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన రూపాలు వచ్చాక ఈ దారి కళ్లకు కట్టినట్టు తెలిసింది. అంతకుముందు దశాబ్దాలపాటు మనం చూడకుండానే దాని మీద మందులు వాడుతూ వచ్చాం.

బయటికి వచ్చిన గొలుసు ఇంకా గోడ కాదు. అది పొడుగాటి దారం అంతే, నీళ్లలో ఊగుతూ ఉంటుంది. గెల్, గ్యాస్ అనే కుటుంబాల ఎంజైములు పొర బయట కాపు కాసి, దారాన్ని ఒకచోట తెంచి, తెగిన ముక్కను ఇంకో దారానికి అతికిస్తాయి. సీఆర్‌హెచ్ కుటుంబం కైటిన్ కొసను గ్లూకాన్‌కి ముడి వేస్తుంది. కణం పెరగాలంటే గోడ ఎప్పటికప్పుడు కొంచెం కొంచెం తెగుతూ, మళ్లీ అతుకుతూ ఉండాలి. పాఠ్యపుస్తకంలో గోడను పొరలు పొరలుగా రంగులేసి చూపిస్తారు, అది చూసి అదొక గట్టి పెంకు అనుకుంటాం. నాకు ఆ బొమ్మ అంటే చిరాకు. రోజంతా మరమ్మతు నడిచే చోటు అది.

మందు సంగతికి వద్దాం. స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర లోజోయా నది లోయలో ఒక కుంట నీటి నుంచి ఒక ఫంగస్‌ని వేరు చేశారు. దానికి ఆ నది పేరే పెట్టారు, గ్లేరియా లోజోయెన్సిస్. అది చేసే ఒక పదార్థం వేరే ఫంగస్‌ల గ్లూకాన్ సింథేజ్‌ని ఆపేస్తుంది. దాన్ని కొంచెం మార్చి చేసిందే కాస్పోఫంజిన్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత అదే కుటుంబంలో మైకాఫంజిన్, ఎనిడులాఫంజిన్, ఈమధ్య 2023లో రెజాఫంజిన్ వచ్చాయి. వీటిని ఎకైనోకాండిన్లు అంటారు. మనకు గ్లూకాన్ సింథేజ్ లేదు కాబట్టి వీటి దుష్ప్రభావాలు తక్కువ. ఐసీయూలో రక్తంలో కాండిడా దొరికితే ఇప్పుడు చాలాచోట్ల మొదట ఎక్కించేది ఇవే.

మరి కథ అక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికే నేను వచ్చింది.

మొదటిది, ఎంజైమ్ మారిపోతుంది. గ్లూకాన్ సింథేజ్‌ని చేసే జన్యువు పేరు ఎఫ్‌కేఎస్1. దాని ప్రొటీన్‌లో సుమారు 1,900 అమైనో ఆమ్లాలుంటాయి. కాండిడా ఆల్బికాన్స్‌లో 645వ స్థానంలో సెరీన్ ఉండాలి. ఆ ఒక్కటీ మారితే చాలు, మందు పట్టు జారుతుంది. కాండిడా ఆరిస్‌లో ఇలాంటిదే 639వ స్థానం, అక్కడ సెరీన్ పోయి ఫినైల్ అలనీన్ వస్తుంది. మన దేశపు ఆసుపత్రుల్లో తీసిన నమూనాల్లోనే ఈ మార్పు కనిపించింది. కాండిడా ఆరిస్‌ని 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి స్రావంలో మొదట గుర్తించారు. ఢిల్లీ ఆసుపత్రుల్లో అది రక్తంలోకి చేరిన కేసుల గురించి 2013లోనే నివేదిక వచ్చింది. ఈ ఫంగస్ చాలావరకు ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుకి లొంగదు, దానికి ఎకైనోకాండిన్ కూడా పనిచేయకపోతే డాక్టరుకు మిగిలే దారులు చాలా తక్కువ.

రెండోది నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. ఎంజైమ్ మారకపోయినా ఫంగస్ ఊరుకోదు. గ్లూకాన్ తగ్గిందని గోడ పలచబడగానే కణానికి కబురు అందుతుంది. పొరలో ఉండే కొన్ని ప్రొటీన్లు గోడ బిగువును పసిగడుతూ ఉంటాయి. అవి లోపలికి సంకేతం పంపితే కైటిన్ సింథేజ్‌లు రెట్టించిన జోరుతో పనిచేస్తాయి. గ్లూకాన్ లేని లోటు కైటిన్ పూడుస్తుంది. ప్రయోగశాలలో ఒక వింత చూస్తారు. మందు మోతాదు పెంచుతూ పోతే ఒక దశ దాకా ఫంగస్ చస్తుంది, ఆ పైన ఇంకా పెంచితే మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. ఫార్మసీ పిల్లలు గ్రాఫు గీసి చూస్తే గీత తప్పుగా గీశామేమో అనుకుంటారు. తప్పు కాదు, ఫంగస్ అంత పనీ చేస్తుంది.

ఆస్పర్‌జిల్లస్ అయితే మరీను. దానికి ఈ ఎఫ్‌కేఎస్1 ఒక్కటే జన్యువు. అది లేకపోతే బతకదని చాలాకాలం అనుకున్నారు. 2015లో ఆ జన్యువును తీసేసి చూపించారు. ఆ ఎంజైమ్ చేసే బీటా 1,3 గ్లూకాన్ అసలు లేకుండా ఫంగస్ బతికింది. నీరసంగా, వంకరగా పెరిగింది, ఇతర దెబ్బలకు సులువుగా లొంగింది, కానీ చావలేదు. గోడలోని గెలాక్టోమానాన్‌ని మాత్రం బయటికి విపరీతంగా వదిలేసింది. ఈ గెలాక్టోమానాన్ అన్న పేరు గుర్తుపెట్టుకోండి.

నేను ఇందాక చెప్పిన విచిత్రమైన చక్కెర ఇందులోనే ఉంది. గెలాక్టోజ్ మనందరికీ తెలిసిందే, పాలల్లో ఉంటుంది. మామూలుగా అది ఆరు కోణాల వలయంగా ఉంటుంది, ఐదు కార్బన్లు, ఒక ఆక్సిజన్. ఆస్పర్‌జిల్లస్ అదే గెలాక్టోజ్‌ని ఐదు కోణాల వలయంగా మార్చుకుంటుంది. అణువులు అవే, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. వలయం మూసుకునే చోటు మారుతుంది, అంతే. దీన్ని గెలాక్టోఫ్యూరనోజ్ అంటారు. మనిషి కణాల్లో ఇది ఎక్కడా లేదు. ఇక్కడ చివరి మెట్టే కాదు, ముడిసరుకు కూడా మనకు పరాయిదే. మందుల పరిశోధకులకు నోరూరడంలో ఆశ్చర్యం లేదు.

ఈ మార్పు చేసే ఎంజైమ్ యూడీపీ గెలాక్టోపైరనోజ్ మ్యూటేజ్. పేరు పొడుగు, పని మాత్రం గారడీ లాంటిది. దీని కడుపులో ఎఫ్ఏడీ అనే సహాయక అణువు ఉంటుంది, బీ2 విటమిన్‌తో తయారయ్యేది. ఎఫ్ఏడీ ఎక్కడ ఉన్నా సాధారణంగా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ మోసే పనిలో ఉంటుంది. ఇక్కడ లెక్క చూస్తే మొదట్లో ఉన్న ఎలక్ట్రాన్లే చివర్లోనూ ఉన్నాయి. మరి అది ఎందుకు? చాలా ఏళ్లు వాదనలు జరిగాయి. తేలింది ఏమిటంటే, ఎఫ్ఏడీలోని ఒక నైట్రోజన్ స్వయంగా చెయ్యి చాచి గెలాక్టోజ్ మొదటి కార్బన్‌ని పట్టుకుంటుంది. పట్టుకోగానే యూడీపీ పక్కకు తప్పుకుంటుంది. వలయం తెరుచుకుంటుంది. తెరుచుకున్న గెలాక్టోజ్ ఎఫ్ఏడీకి వేలాడుతూ ఉంటుంది. ఈసారి వేరే ఆక్సిజన్, అంటే నాలుగో కార్బన్ మీదది, వచ్చి మొదటి కార్బన్‌తో కలుస్తుంది. ఐదు కోణాల వలయం మూసుకుంటుంది. యూడీపీ మళ్లీ వచ్చి తన చోట్లో కూర్చుంటుంది, నైట్రోజన్ చెయ్యి వదిలేస్తుంది. ఇదంతా జరగాలంటే ఎఫ్ఏడీ ముందే ఎలక్ట్రాన్లు నింపుకుని, క్షయించిన రూపంలో ఉండాలి. లేకపోతే ఎంజైమ్ పనిచేయదు.

ఇంకో చిత్రం. ఈ చర్య రెండువైపులా నడుస్తుంది, వదిలేస్తే ఆరు కోణాల రూపం వైపే మొగ్గుతుంది. ఐదు కోణాలది పదో వంతు కూడా ఉండదు. అయినా పని ఆగదు, ఎందుకంటే తయారైనది తయారైనట్టే ఒక రవాణా ప్రొటీన్ దాన్ని గాల్జీ అనే కణభాగంలోకి మోసుకుపోతుంది, అక్కడ వేరే ఎంజైములు మానోజ్ గొలుసుల మీద నాలుగైదు చొప్పున దాన్ని పక్క కొమ్మలుగా తగిలిస్తాయి. అదీ గెలాక్టోమానాన్.

ఇక మందు చేయొచ్చా? ఈ మ్యూటేజ్ జన్యువును తీసేసి చూశారు. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో ఫంగస్ బలహీనపడింది, గోడ పలచబడింది, ఎలుకల్లో జబ్బు తీవ్రత తగ్గింది. మరుసటి ఏడాది వేరే బృందం ఇలాంటి పనే చేసింది. వాళ్లకు ఎలుకల్లో తేడా కనిపించలేదు. పైగా గెలాక్టోఫ్యూరనోజ్ లేని ఫంగస్ ఉపరితలాలకు మరింత గట్టిగా అతుక్కుంది. రెండూ నిజాయితీగా చేసిన పనులే. నా అభిప్రాయం చెప్పమంటే, ఈ ఎంజైమ్ ఒక్కదాన్నే ఆపే మందు ఆస్పర్‌జిల్లస్‌ని చంపలేదు, తోడుగా వాడితే మటుకు పనికి రావచ్చు. క్షయ బ్యాక్టీరియాకు కూడా ఇలాంటి మ్యూటేజ్ ఉంది, దానికి అది లేకపోతే బతుకే లేదు. ఒకే పని చేసే ఎంజైమ్ ఒకచోట ప్రాణం, ఇంకోచోట అదనపు హంగు. మనకు లేనిదా అని మాత్రం అడిగితే సరిపోదన్నమాట. అది లేకపోతే వాడు చస్తాడా, చావకపోతే దాని బదులు ఏం చేస్తాడు అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్న దగ్గరే చాలా మంచి ఆలోచనలు ప్రయోగశాలలో ఆగిపోయాయి.

మందుగా పనికి రాకపోయినా ఈ చక్కెర రోగ నిర్ధారణలో గొప్పగా పనికొచ్చింది. రక్తంలోనో, ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలోనో గెలాక్టోమానాన్ ఉందా అని చూసే పరీక్ష ఉంది, డాక్టర్లు జీఎం టెస్ట్ అంటారు. అందులో వాడే యాంటీబాడీ పట్టుకునేది ఈ ఐదు కోణాల గెలాక్టోజ్ కొమ్మలనే. మన ఒంట్లో లేదు కాబట్టి కనిపిస్తే బయటి నుంచి వచ్చినట్టే. అయితే బయటి నుంచి అంటే ఫంగస్ నుంచే అని కాదు. ఒకప్పుడు పైపెరాసిలిన్ టాజోబాక్టమ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో ఈ పరీక్ష తప్పుగా పాజిటివ్ వచ్చేది. పెన్సిలిన్ కుటుంబపు మందుల మూలం పెన్సిలియం బూజే కదా, దాని గోడ చక్కెర ఆనవాళ్లు సీసాలోకి వచ్చేవి.

2021 ఇక్కడ ఎవరూ మర్చిపోయి ఉండరు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయిన రోజులు. ఆంఫోటెరిసిన్ కోసం జనం ఊళ్లు పట్టుకు తిరిగారు. కొత్త మందులు అన్ని ఉన్నాయంటారు, ఆ పాత మందే ఎందుకు అని చాలామంది అడిగారు. జవాబు గోడలోనే ఉంది. బ్లాక్ ఫంగస్ జబ్బు తెచ్చే మ్యూకర్ జాతి ఫంగస్‌ల గోడలో బీటా గ్లూకాన్ బహు స్వల్పం. వాటి బలమంతా కైటిన్, కైటోసాన్. కైటిన్ తయారైన వెంటనే డీఎసిటైలేజ్ అనే ఎంజైమ్ దాని మీది ఎసిటైల్ గుంపులను కోసేస్తే అది కైటోసాన్ అవుతుంది. గ్లూకాన్ మీద ఆధారపడని గోడకు గ్లూకాన్ సింథేజ్ ఆపే కాస్పోఫంజిన్ ఇచ్చి లాభం లేదు. గెలాక్టోమానాన్ కూడా లేదు, జీఎం టెస్ట్ చేసినా నెగటివే వస్తుంది. టెస్ట్ నెగటివ్ వచ్చింది కాబట్టి ఫంగస్ లేదు అనుకుంటే కొంప మునుగుతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

కైటిన్ సింథేజ్‌ని ఆపే మందు లేదా అని అడుగుతున్నావు కదమ్మా. ఉంది, నిక్కోమైసిన్ జడ్. కైటిన్ ముడిసరుకు రూపంలోనే ఉండి ఎంజైమ్‌ని మోసం చేస్తుంది. 1970ల నుంచీ తెలుసు. ప్రయోగశాలలో కాస్పోఫంజిన్‌తో కలిపితే బాగా పనిచేస్తుంది, నేను చెప్పిన కైటిన్ పూడ్చుకునే దారిని అదే మూసేస్తుంది కాబట్టి. కానీ కైటిన్ సింథేజ్ ఒకటి కాదు, ఒక్కో ఫంగస్‌లో చాలా రకాలుంటాయి, అన్నీ దీనికి సమానంగా లొంగవు. మనుషుల్లో వాడటానికి ఇంకా అనుమతి రాలేదు. ఫాస్మానోజెపిక్స్ అని ఇంకోటి పరీక్షల్లో ఉంది, అది గోడలోకి వెళ్లాల్సిన ప్రొటీన్లకు కట్టే లంగరును తయారు కానివ్వదు.

ఆ చివర కూర్చున్న పెద్దాయన వరి సంగతి అడిగారు. మంచి ప్రశ్నండీ. అగ్గి తెగులు ఫంగస్‌కీ ఇదే గోడ, ఇవే ఎంజైములు. వరి మొక్క కైటిన్ ముక్కలను పసిగట్టి ఎదురు తిరుగుతుంది. అందుకని ఈ ఫంగస్ ఆకులోకి దిగేటప్పుడు ఆల్ఫా 1,3 గ్లూకాన్ అనే మరో చక్కెరను పైన కప్పుకుంటుంది. మొక్కకు ఆల్ఫా రకాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లేదు, అందుకే అడుగున ఉన్న కైటిన్ దానికి చిక్కదు. జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఆల్ఫా గ్లూకాన్ చేసే జన్యువును తీసేస్తే ఫంగస్ ఆకులో తెగులు పుట్టించలేకపోయింది. పాముపొడ తెగులుకు కైటిన్ సింథేజ్ మీద పనిచేసే పాలీఆక్సిన్ అనే మందును కూడా జపాన్‌లోనే 1960లలో కనిపెట్టారు. మీరు అగ్గి తెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ చక్కెరల జోలికి పోదు, అది గోడలో మెలనిన్ చేరకుండా ఆపుతుంది. మెలనిన్ లేకపోతే ఫంగస్ ఆకును గుచ్చడానికి కావలసిన ఒత్తిడి కూడగట్టుకోలేదు. ఆ ఒత్తిడి మామూలు గాలి పీడనానికి సుమారు 80 రెట్లు ఉంటుంది. పాముపొడకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. అవి ఆస్పర్‌జిల్లస్ జబ్బుకు ఆసుపత్రిలో ఇచ్చే వోరికొనజోల్ కుటుంబమే, ఆ కుటుంబాన్ని అజోల్‌లు అంటారు. పొలాల్లో అజోల్ వాడకానికీ, అజోల్‌కి లొంగని ఆస్పర్‌జిల్లస్‌కీ సంబంధం ఉందని నెదర్లాండ్స్‌లో చూపించారు, మన దేశంలోనూ అలాంటి రకాలు దొరికాయి. సిఫారసు చేసిన మోతాదు దాటకండి, తెగులు రాకముందే ఎందుకైనా మంచిదని కొట్టకండి.